మూడు రోజుల్లో విశాఖ: లిస్టు కాదు, పొద్దు చూసుకుని తిరగండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. నిజామాబాద్ నుంచి నలుగురు వస్తున్నారు: మీరిద్దరు, తొమ్మిదేళ్ల బాబు, మోకాళ్ల నొప్పులున్న అమ్మగారు. డిసెంబరు మూడో వారంలో గురువారం పొద్దున్న విశాఖలో దిగి, శనివారం రాత్రి రైలెక్కుతారు. ఎవరూ ఇంతకు ముందు ఈ ఊరు చూడలేదు. అమ్మగారైతే అసలు సముద్రమే చూడలేదు. రాసుకున్న లిస్టులో అరకు, బొర్రా గుహలు, లంబసింగి సహా పద్నాలుగు చోట్లున్నాయి. మూడు రోజుల్లో అన్నీ అవుతాయా అని అడిగారు.

అవ్వవండి. అవుతాయని చెప్పి కారు మాట్లాడిపెట్టేవాళ్లు కావలసినంతమంది దొరుకుతారు. నేను ఇరవై రెండేళ్లుగా ఇక్కడ ఉంటున్నాను. మా చుట్టాలు ఎవరు విశాఖ వచ్చినా తిప్పే డ్యూటీ నాదే. మొదట్లో నేనూ లిస్టు పట్టుకునే తిప్పేవాణ్ణి. ఒకసారి మా మేనమామ వాళ్లకి ఒక్క రోజులో ఏడు చోట్లు చూపించాను. రాత్రి భోజనాల దగ్గర మా అత్తయ్య, "ఏనుగు బొమ్మ ఉన్న కొండ, నీళ్ల తొట్లున్న కొండ ఒకటేనా, వేరువేరా?" అని అడిగింది. అప్పటి నుంచి రోజుకి మూడు, మహా అయితే నాలుగు. అంతకు మించి ఒప్పుకోను.

ముందు ఈ ఊరి వాటం తెలుసుకోండి. విశాఖ సముద్రం పక్కన నిలువుగా సాగిన ఊరు. దక్షిణం కొసన డాల్ఫిన్ నోస్ కొండ, దాని పక్కన ఓడరేవు, పాత ఊరు. అక్కడి నుంచి ఉత్తరంగా బీచ్ రోడ్డు పట్టుకుంటే ఆర్కే బీచ్, కైలాసగిరి, రుషికొండ, తొట్లకొండ, ఎర్రమట్టి దిబ్బలు, చివరికి భీమిలి. వరసగా దండలో పూసల్లా ఉంటాయి. కాబట్టి పొద్దున్న రుషికొండ, మధ్యాహ్నం హార్బరు, సాయంత్రం భీమిలి అని పెట్టుకుంటే రోజంతా ఒకే రోడ్డు మీద అటూ ఇటూ తిరగడమే అవుతుంది. ఒక రోజుకి ఒక దిక్కు.

రెండోది, ఇది తూర్పు తీరం. సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు, కొండల వెనక్కి దిగుతాడు. సముద్రంలో సూర్యాస్తమయం ఫొటో తీద్దామని సాయంత్రం ఆరింటికి బీచ్‌కి వచ్చి బిక్కమొహం వేసేవాళ్లని ఎంతమందినో చూశాను. పైగా డిసెంబరులో ఇక్కడ అయిదున్నరకల్లా పొద్దు గూకుతుంది, మీ వైపు కన్నా ముందే. ఆరింటికి చీకటే. ఈ ఊరికి అసలు కళ తెల్లవారుజామునే. ఆరు దాటి ఇరవై నిమిషాలకు అటూ ఇటుగా సూర్యుడొస్తాడు. దానికి అరగంట ముందే ఒడ్డున ఉండండి. ఆ వేళకి బీచ్ రోడ్డు మీద కొంతసేపు బండ్లు ఆపేస్తారు, రోడ్డంతా నడిచేవాళ్లే. మీ బాబుకి సైకిల్ రాకపోతే నేర్పడానికి అంతకన్నా మంచి చోటు లేదు.

అరకు మాట ఇప్పుడే తేల్చేస్తాను. విశాఖ నుంచి సుమారు 115 కిలోమీటర్లు, ఘాట్ రోడ్డు. కిరండూల్ వెళ్లే పాసింజర్ పొద్దున్న ఏడు లోపే బయలుదేరుతుంది, అరకు చేరేసరికి నాలుగు గంటలు పడుతుంది. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని ఓడరేవుకి దించడానికి 1960లలో వేసిన లైను అది. సొరంగాల్లోంచి, లోయల పక్క నుంచి పోతుంది. చాలా బాగుంటుంది, అందుకే హడావిడిగా చూడొద్దంటున్నాను. ఒక రాత్రి అక్కడ పడుకుంటేనే అరకు. మీకున్న మూడు రోజుల్లో ఒకటిన్నర దానికి పోతే ఇటు ఊరూ చూడరు, అటు కొండలూ చూడరు. అమ్మగారి మోకాళ్లతో బొర్రా గుహల మెట్లు ఇంకో సమస్య. లంబసింగి అయితే పూర్తిగా వేరే దిక్కు. మూడింటినీ వచ్చే ఏడు నవంబరుకి దాచుకోండి. అరకు పొలాల్లో వలిసె పూలు పసుప్పచ్చగా విరగబూసే రోజులవి.

ఇక గురువారం. రాత్రంతా రైల్లో వచ్చి ఉంటారు, పొద్దున్న ఏమీ పెట్టుకోకండి. గదికి వెళ్లి స్నానాలు చేసి, టిఫినుకి ఎక్కడైనా ఆవిరి కుడుము దొరికితే అల్లం పచ్చడితో తినండి. ఇడ్లీకి పెద్దన్నయ్య లాంటిది, మెత్తగా ఉంటుంది కాబట్టి అమ్మగారికీ ఇబ్బంది ఉండదు.

మధ్యాహ్నం రెండు తర్వాత ఆర్కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్. మామూలు రోజుల్లో మధ్యాహ్నమే తెరుస్తారు, సోమవారం సెలవు. పొద్దున్నే వెళ్లి మూసిన గేటు చూసి తిరిగొచ్చే కుటుంబాలు రోజూ కనిపిస్తాయి. సోవియట్ రష్యాలో కట్టిన ఈ జలాంతర్గామి 1969లో మన నేవీలో చేరి 2001లో రిటైరైంది. మరుసటి ఏడు ఇసుక మీదికి లాగి మ్యూజియం చేశారు. పొడవు 91 మీటర్లు. లోపల మాత్రం మనిషి పక్కకి తిరిగితే భుజం ఏదో ఒక పైపుకి తగులుతుంది. ముందు ఆరు, వెనక నాలుగు టార్పెడో గొట్టాలు. మధ్యలో డెబ్భై మందికి పైగా సిబ్బంది అరల్లాంటి పడకల మీద వంతులవారీగా పడుకునేవాళ్లు. నేవీలో పనిచేసి రిటైరైనవాళ్లే గైడ్లుగా ఉంటారు. జనం తోసుకుంటూ ముందుకి పోతుంటారు, మీరు మాత్రం గైడు పక్కన ఆగి, "నీళ్లు ఎలా సరిపెట్టుకునేవాళ్లు?" అని ఒక్క ప్రశ్న అడగండి. తర్వాత ఆయన్ని ఆపడం కష్టం.

అమ్మగారిని మాత్రం లోపలికి తీసుకెళ్లకండి. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి గుండ్రటి ఇనుప కంతలోంచి వంగి, కాలు ఎత్తి వేసి దాటాలి. అలాంటివి వరసగా ఉంటాయి, మధ్యలో వెనక్కి తిరుగుదామంటే కుదరదు. మా అమ్మ రెండో కంత దగ్గరే "నన్ను ఇక్కడే వదిలేయండ్రా" అంది. రోడ్డుకి ఆవలి వైపున్న టీయూ-142 విమానం మీ అమ్మగారికి సులువు. ఈ విమానాలు 29 ఏళ్లు సముద్రం మీద నిఘా కాసి 2017లో విరమించాయి. పక్కనే 1971 యుద్ధ విజయానికి గుర్తుగా కట్టిన స్మారకం ఉంది. ఆ డిసెంబరులోనే పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ ఈ తీరానికి దగ్గరలోనే మునిగింది. బాబుకి ముందే ఆ కథ చెప్పి తీసుకెళ్తే కురుసురలో వాడు అడుగడుక్కీ ఆగుతాడు.

నాలుగున్నర కల్లా కైలాసగిరి ఎక్కేయండి, రోప్‌వే ఉంది. శివపార్వతుల విగ్రహాల దగ్గర జాతరలా ఉంటుంది, అక్కడ ఓ ఫొటో తీసుకుని పక్కకి జరగండి. దక్షిణం వైపు అంచున నిలబడితే డాల్ఫిన్ నోస్ దాకా తీరం కొడవలిలా వంగి కనిపిస్తుంది. రేపు, ఎల్లుండి వెళ్లే చోట్లు కొన్ని అక్కడి నుంచే అమ్మగారికి చూపించొచ్చు. దీపాలు వెలిగేదాకా ఉండండి. మీరొచ్చేది పౌర్ణమి దగ్గరైతే మాత్రం కొండ మానేసి సాయంత్రం బీచ్‌లోనే ఉండండి. పొద్దు గూకే వేళకే సముద్రంలోంచి చంద్రుడు పైకి వస్తాడు. ఈ తూర్పు ఒడ్డున మనకి దక్కిన భాగ్యం అది.

రాత్రి ఆర్కే బీచ్‌లో మురీ మిక్చర్ తినండి. మరమరాల్లో ఉల్లిపాయ, టమాటా, నిమ్మరసం కలిపి కాగితం పొట్లంలో ఇస్తారు. కట్టించుకుని గదికి తీసుకెళ్తే మెత్తబడిపోతుంది, నిలబడి అక్కడికక్కడే తినెయ్యాలి.

ఇక్కడ కాస్త గట్టిగా చెప్పాల్సిన మాట ఒకటుంది. ఆర్కే బీచ్‌లో నీళ్లలోకి దిగకండి. చీలమండలు తడిస్తే చాలు. ఒడ్డుకి ఎగదన్నిన నీరు ఎటో ఒకటు వెనక్కి పోవాలి కదా, అదంతా ఒక సన్నటి దారి చేసుకుని వేగంగా లోపలికి పోతుంది. ఆ దారిలో అలలు పెద్దగా విరగవు, నున్నగా కనిపిస్తుంది. కొత్తవాళ్లు సరిగ్గా అదే సేఫ్ అనుకుని అక్కడ దిగుతారు. నాలుగేళ్ల కిందట మా అక్క కొడుకు, డిగ్రీ కుర్రాడు, ఈత వచ్చినవాడే, నడుంలోతు నీళ్లలో నిలబడి నాతో మాట్లాడుతున్నాడు. మాట మధ్యలో వాడి మొహం మారింది. కాళ్ల కింద ఇసుక జారిపోతోంది. రెండు క్షణాల్లో నాకూ వాడికీ మధ్య దూరం పది గజాలైంది. ఒడ్డున వల బాగుచేసుకుంటున్న జాలరాయన లేచి, "ఇటు రాకు, పక్కకి ఈదు, పక్కకి!" అని అరిచాడు. వాడు ఒడ్డుకి కాకుండా ఒడ్డు వెంబడి ఈదాడు, లాగుడు తగ్గాక అలతో పాటు ఇవతలికి వచ్చాడు. అదే వాణ్ణి బతికించింది. ఎదురీదితే ఎంత బలవంతుడికైనా దమ్ము అయిపోతుంది. యారాడ బీచ్ ఫొటోల్లో ఎంత అందంగా ఉన్నా అక్కడా ఇదే సంగతి. బాబు తడవాల్సిందే అని పట్టుబడితే రుషికొండలో, లైఫ్‌గార్డులు ఉన్న చోట, వాళ్లు చూపించిన హద్దు లోపలే.

శుక్రవారానికి మాత్రం కారు మాట్లాడుకోండి. మిగతా రెండు రోజులూ ఆటోలు, క్యాబులు చాలు. పొద్దున్న ఆరింటికే బయలుదేరి సింహాచలం. శనాదివారాల రద్దీ తప్పుతుందని శుక్రవారం పెట్టాను. పైదాకా రోడ్డుంది, కొండ మెట్లు ఎక్కక్కర్లేదు. వరాహ లక్ష్మీనరసింహస్వామి ఏడాది పొడుగునా చందనం పూతలోనే ఉంటాడు. అది ఒలిచి నిజరూపం చూపించేది ఒక్క అక్షయ తృతీయ నాడే. అందుకని గర్భగుడిలో లింగంలా కనిపించే చందనపు ముద్దని చూసి "విగ్రహం ఏదీ?" అని అమ్మగారు అడగొచ్చు, ముందే చెప్పి ఉంచండి. శ్రీకృష్ణదేవరాయలు 1516లో ఇక్కడికి వచ్చినట్టు శాసనం ఉంది. దర్శనం అయ్యాక వెంటనే దిగిపోకుండా మండపం స్తంభాల మీది చెక్కడాలు ఓ పావుగంట చూడండి.

కొండ దిగాక మళ్లీ ఊళ్లోకి రాకండి. అడివివరం నుంచి ముడసర్లోవ మీదుగా హనుమంతవాకకి రోడ్డుంది, అక్కడి నుంచి ఉత్తరానికి వెళ్లిపోవచ్చు. డ్రైవరు ఊళ్లోంచి తిప్పుతానంటే ఈ దారి పేరు చెప్పండి.

తొట్లకొండ పైదాకా కారు వెళ్తుంది. నేవీ వాళ్లు ఆకాశం నుంచి సర్వే చేస్తుంటే బయటపడిన బౌద్ధ విహారం ఇది, రెండు వేల ఏళ్ల నాటిది. పేరులోనే గుట్టంతా ఉంది. వాన నీరు పట్టుకోవడానికి బండలో తొలిచిన తొట్లు ఉన్నాయి కనక తొట్లకొండ. దగ్గర్లోనే బావులున్నది బావికొండ. ఊరివాళ్లకి బౌద్ధం సంగతి మరుపున పడినా నీళ్లు ఎక్కడున్నాయో మరుపు రాలేదన్నమాట. ఆ తొట్టి అంచున కూర్చుంటే కింద సముద్రం కనిపిస్తుంది, ఇంతలో ఏదో ఓడ రేవు వైపు మెల్లగా వెళ్తుంది. చిన్నచిన్న గదుల పునాదులు వరసగా ఉంటాయి, ఒక్కో భిక్షువుకి ఒక్కోటి. నేను లెక్కలేనన్నిసార్లు వెళ్లాను, ఇంకా విసుగు రాలేదు. నీడ తక్కువ, టోపీలు, నీళ్లు పట్టుకెళ్లండి.

మధ్యాహ్నానికి భీమిలి. డచ్చివాళ్ల సమాధులు, లైట్‌హౌస్, 1861లోనే మునిసిపాలిటీ అయిన ఊరు, గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు. బొర్రా గుహలు తప్పిపోయాయని బాధపడుతుంటే ఒక మాట: ఆ గుహల గుండా వచ్చే నది ఈ గోస్తనీయే. భోజనం చేసి, అమ్మగారిని నీడన కూర్చోబెట్టి ఓ గంట ఏ పనీ పెట్టుకోకండి.

తిరుగు ప్రయాణంలో, మూడున్నర నాలుగు మధ్య, ఎర్రమట్టి దిబ్బలు. మిట్టమధ్యాహ్నం వెళ్తే అంతా ఒకటే ఎరుపు, ఏమీ ఆనదు. ఎండ ఏటవాలుగా పడ్డప్పుడే గట్లూ గాడులూ విడివిడిగా కనిపిస్తాయి. పేరుకి మట్టి కానీ నిజానికి ఇసుక. గాలి మోసుకొచ్చి పోసిన ఇసుకకి ఇనుము తుప్పు పట్టి ఆ రంగు వచ్చింది, వానలు కోసి ఆ లోయలు చేశాయి. చేత్తో గోడని రుద్దితే వేళ్లకి ఎర్రగా అంటుకుని రాలిపోతుంది. అందుకే పైకి ఎక్కొద్దు, పేర్లు చెక్కొద్దు. 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలోకి ఎక్కిన చోటు, ఇప్పటికీ అక్కడ చిప్స్ ప్యాకెట్లు ఏరుకోవాల్సి రావడం మన ఖర్మ. చీకటి పడకముందే బయటికి వచ్చేయండి, లోపల గాడులన్నీ ఒకేలా ఉండి దారి తప్పుతారు.

శనివారం మీరూ బాబూ తెల్లవారుజామున అయిదున్నరకి ఫిషింగ్ హార్బరుకి వెళ్లండి. కడిగేస్తే పోయే చెప్పులు వేసుకోండి, కింద అంతా నీళ్లు, ఐసు, చేపల పొలుసులు. బోట్లు వచ్చి ఆగుతుంటాయి, గంపలు దిగుతుంటాయి, అక్కడికక్కడే వేలంపాట. మొన్నామధ్య ఒక పెద్దావిడని చూశాను. వంజరం మొప్ప బొటనవేలితో ఎత్తి లోపలి ఎరుపు చూసింది, ముక్కు దగ్గర పెట్టుకుంది, ఒక్క మాటా అనకుండా కింద పెట్టేసింది. పాట పాడేవాడు ఆవిడ వైపు చూసి తనంతట తనే రేటు తగ్గించాడు. చందువలు, కానాగంతలు, నెత్తళ్లు, రొయ్యలు, పీతలు, బాబుకి పేర్లు నేర్పించండి. దారికి అడ్డం నిలబడకండి, మనుషుల ఫొటోలు అడిగి తీయండి. ఓడరేవు, నేవీ వైపు మాత్రం కెమెరా తిప్పొద్దు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, ఆ 61 రోజుల్లో వచ్చేవాళ్లకి మాత్రం ఈ సందడి ఉండదు.

గదికొచ్చి స్నానాలు చేసి, అమ్మగారితో పాత ఊరు. బురుజుపేటలో కనకమహాలక్ష్మి అమ్మవారు. పైన కప్పు లేదు, ఎవరి పూజ వాళ్లే చేసుకోవచ్చు. మార్గశిర మాసంలో గురువారాలు ఇసకేస్తే రాలనంత జనం. అందుకే మీరు దిగే గురువారం ఇక్కడికి పంపలేదు. దగ్గర్లోనే రేవు కాలవ పక్కన మూడు కొండలు: ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద మేరీమాత చర్చి, ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి గుడి. మూడూ ఎక్కక్కర్లేదు, బాబుతో చర్చి ఉన్న రాస్ హిల్ ఒక్కటి ఎక్కండి చాలు. 1933లో తెరిచిన ఓడరేవు, కాలవలోంచి వెళ్లే ఓడలు కాళ్ల కిందే ఉన్నట్టుంటాయి. స్వతంత్రం వచ్చాక మొదట జలప్రవేశం చేసిన పెద్ద ఓడ ‘జల ఉష’ని 1948లో కట్టింది ఈ రేవు పక్కనే.

మధ్యాహ్నం ఎండకి బీచ్ రోడ్డు మీది విశాఖ మ్యూజియం. పాత డచ్ బంగళా అది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు ఈ ఊరి మీద బాంబులు వేశాయి, పేలకుండా మిగిలిన ఒక బాంబు అక్కడ ఉంది. పుస్తకాల్లో ఎక్కడో దూరంగా జరిగిందనుకున్న యుద్ధం మన బీచ్ దాకా వచ్చిందని మీ బాబుకి అక్కడ తెలుస్తుంది. సాయంత్రం ఇంక ఏమీ వద్దు. చివరి గంట అమ్మగారు సముద్రం దగ్గర ఎంతసేపు కూర్చుంటానంటే అంతసేపు కూర్చోనివ్వండి. స్నేహితులకి పంచడానికి మాడుగుల హల్వా కొనుక్కోండి, గోధుమపాలతో చేస్తారు, ప్రయాణంలో పాడవదు.

గది గురించి. బీచ్ రోడ్డు మీద దొరికితే మంచిది, తెల్లారి నడిచి వెళ్లొచ్చు. దొరక్కపోతే ఆర్టీసీ కాంప్లెక్స్, ద్వారకానగర్ చుట్టుపక్కల తీసుకోండి, భోజనాలకి అదే సులువు. "సీ వ్యూ" అన్న మాటకి ఎక్కువ ఇచ్చేముందు ఫోన్ చేసి ఏ అంతస్తు, కిటికీ ఎటు అని అడగండి. మా బావగారు అలా తీసుకున్న ఒక గదిలో కిటికీ తెరిస్తే ఎదురుగా కడుతున్న బిల్డింగు, వాళ్లని నిలదీస్తే బాత్రూం వెంటిలేటర్లోంచి సముద్రం చూపించారు.

తుఫాను భయం గురించి అడిగారు. అక్టోబరు, నవంబరుల్లో ఎక్కువ, డిసెంబరులోనూ ఒక్కోసారి వస్తుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ నేరుగా మా మీదే తీరం దాటింది. ఆ పూట తలుపుకి బీరువా అడ్డం పెట్టి కూర్చున్నవాళ్లం మేము. అయినా చెప్తున్నాను, టెన్షన్ పడకండి, కొన్ని రోజుల ముందే హెచ్చరికలు వచ్చేస్తాయి. బయలుదేరే వారం వాతావరణ శాఖ బులెటిన్ చూసుకుంటే సరిపోతుంది.

ఇంకొకటి, ఇది చాలామంది చెప్పరు. విశాఖ స్టేషన్లోకి వచ్చిన రైలు ముందుకి సాగిపోవాలంటే ఇంజను తిప్పుకుని వెనక్కి రావాలి. అందుకే కొన్ని దూరప్రయాణం రైళ్లు ఊళ్లోకే రాకుండా దువ్వాడ మీదుగా బయటి నుంచే పోతాయి. మీ టికెట్లో విశాఖపట్నం అని ఉందో, దువ్వాడ అని ఉందో రానూ పోనూ రెండు వైపులా చూడండి. దువ్వాడ అయితే శనివారం సాయంత్రం బీచ్ నుంచి కనీసం రెండు గంటల ముందు లేవాలి. గాజువాక ట్రాఫిక్‌కి ఎవరి రైలు ఎప్పుడో పట్టదు.

అమ్మగారు ఎన్ని మెట్లు ఎక్కగలరో, ఎంతసేపు నిలబడగలరో రాయండి. సింహాచలంలో ఏ లైను పట్టుకోవాలో అది తెలిశాక చెప్తాను.